కాపురం ఉన్న ఇంట్లో నేల మార్చడం: పాత మొజాయిక్ మీద టైల్స్, స్కర్టింగ్ ముగిసేదాకా

హైదరాబాద్‌లో 1990ల నాటి అపార్ట్‌మెంట్, రెండో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నేలంతా మొజాయిక్ బిళ్లలు. పాలిష్ పోయింది, వంటింట్లో నూనె ఇంకింది, హాల్లో కొన్ని బిళ్లలు డొల్లబారాయి. ఇంట్లో ఉండేది ఐదుగురు: మోకాళ్ల నొప్పులతో వాకర్ పట్టుకుని నడిచే పెద్దావిడ, కొడుకు, కోడలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. కొడుకు కొన్ని రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు. పని జరిగినన్నాళ్లూ వేరే ఇంటికి మారే వీలు లేదు. వరలక్ష్మీ వ్రతం నాటికి ఇల్లు సర్దుకోవాలి.

ఇలాంటి ఇళ్లలో టైల్ వెయ్యడం దగ్గర పని ఆగదు. చివరి పనుల దగ్గర ఆగుతుంది. స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే టైల్ పట్టీ) మంచం వెనక మిగిలిపోతుంది, తలుపు నేలకు రాసుకుంటూ ఉంటుంది, బాత్రూం గుమ్మం దగ్గర టైల్ అంచు పదునుగా తేలి ఉంటుంది. సామాను గదిలోకి వచ్చేశాక మేస్త్రీ ఇంకో సైట్‌కి వెళ్లిపోతాడు. ఆ ముక్క ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే ఇక్కడ మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నాం: ఒక గదిలో టైల్, స్కర్టింగ్, గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద), తలుపు అన్నీ ముగిసి సామాను తిరిగి సర్దాకే రెండో గది ముట్టుకోవాలి. మేస్త్రీలకు ఇది నచ్చదు. నేలంతా ఒక ఊపులో వేసి, స్కర్టింగ్ మొత్తం చివర్లో చేస్తే వాళ్లకు కూలీ కలిసొస్తుంది. ఖాళీ ఇంట్లో అది సరైన పద్ధతే. మనుషులు తిరిగే ఇంట్లో కాదు.

పగలగొట్టడమా, పైన వెయ్యడమా

హాలు పొడవు 20 అడుగులు, వెడల్పు 12 అడుగులు. నడవ 15, 4. బెడ్‌రూములు 12, 11 ఒకటి. 11, 10 ఒకటి. వంటిల్లు 10, 8. మొత్తం 622 చదరపు అడుగులు, అంటే దాదాపు 58 చదరపు మీటర్లు. పాత బిళ్ల, దాని కింది సిమెంటు మాలు కలిపి 60 మిల్లీమీటర్ల మందం. పగలగొడితే మూడున్నర ఘనపు మీటర్ల గట్టి వ్యర్థం, విడిపడ్డాక ఇంకా ఎక్కువ. అదంతా మెట్ల మీదుగా బస్తాల్లో దిగాలి. పైగా ఆ మాలు పొరలో బాత్రూంకి వెళ్లే పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు ఉంది. పగలగొట్టే బ్రేకర్ యంత్రం దెబ్బ దానికి తగిలితే పని అదుపు తప్పుతుంది.

పైన వేస్తే ఇవేవీ ఉండవు. కాకపోతే బరువు చూసుకోవాలి. 9 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్, దాన్ని అతికించే అడెసివ్ కలిపి చదరపు మీటరుకు 27 కిలోల చిల్లర. ఇళ్ల స్లాబుల్ని ఐఎస్ 875 (భారత ప్రమాణం) ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కగడతారు. పగుళ్లు, చెమ్మ, తుప్పు మరకలు లేని స్లాబుకు ఈ 27 కిలోలు ఇబ్బంది కాదు. అసలు ప్రమాదం పెట్టెల్ని ఒకేచోట పేర్చడంలో ఉంది. 51 పెట్టెలంటే టన్నున్నర. హాలు మధ్యలో గుట్టగా పెట్టకుండా గోడల వెంట, దూలాల మీదుగా, రెండేసి పెట్టెల ఎత్తులో పరిచి ఉంచాం.

పైన వెయ్యాలంటే పాత నేల గట్టిగా ఉండాలి. ప్రతి బిళ్లనూ ఇనుప కడ్డీతో తట్టి చూశాం. డొల్ల శబ్దం వచ్చినవాటికి చాక్‌పీసుతో గుర్తు పెట్టాం. అవి పదోవంతు దాటితే పగలగొట్టడమే మేలని నా అభిప్రాయం. ఇక్కడ 14 తేలాయి. వాటిని తీసి, గుంతల్ని పాలిమర్ కలిపిన రిపేర్ మాలుతో నింపాం.

సరుకు లెక్క

టైల్ 600, 600 మిల్లీమీటర్లు, మ్యాట్ ఫినిష్. నిగనిగలాడే పాలిష్ టైల్ మీద నీళ్లు పడితే వాకర్ కాళ్లు జారతాయి, కాబట్టి ఇందులో బేరం లేదు. పెట్టెకు 4 టైల్స్, 15.5 చదరపు అడుగులు. 622కి 8 శాతం తరుగు కలిపితే 44 పెట్టెలు.

స్కర్టింగ్ గుమ్మాలు తీసేస్తే 160 రన్నింగ్ అడుగులు, ఎత్తు 4 అంగుళాలు. ఒక టైల్ నుంచి బ్లేడు మందం పోను ఐదు పట్టీలు వస్తాయి, ఒక్కోటి రెండడుగులు. 80 పట్టీలు, పదో వంతు తరుగు కలిపి 88. అంటే 18 టైల్స్, 5 పెట్టెలు. రిపేర్లకు దాచుకోవడానికి ఇంకో రెండు. మొత్తం 51. అన్నిటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని దించుకునేటప్పుడే చూడాలి. స్కర్టింగ్‌కి తర్వాత తెప్పించుకుందాం అంటే వేరే షేడ్ వస్తుంది. నేలా స్కర్టింగూ కలిసే చోట ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

అడెసివ్ బస్తా మీద ఐఎస్ 15477 ముద్ర ఉండాలి. టైల్ మీద టైల్‌కి పనికొస్తుందని రాసి ఉండాలి. టైప్ 3కి తగ్గకూడదు. సిమెంటు పాలు పోసి అతికించే పాత పద్ధతి నునుపైన మొజాయిక్ మీద నిలవదు. 20 కిలోల బస్తా 45 చదరపు అడుగులకు వస్తుంది. నేలకు 14, స్కర్టింగ్‌కీ ఎత్తుపల్లాలకీ 4. పక్కపక్క టైల్స్‌ని ఒకే ఎత్తులో పట్టి ఉంచే లెవలింగ్ క్లిప్పులు టైల్‌కి నాలుగు చొప్పున 640, విరిగేవాటికి కలిపి 700. గ్రౌట్ 2 మిల్లీమీటర్ల సందుకు 8 కిలోలు చాలు.

ఒప్పంద కాగితంలో నాలుగు మాటలు విడిగా రాయించాం: స్కర్టింగ్ రన్నింగ్ అడుగు ధర, తలుపులు కోసేది ఎవరు, గ్రౌట్ ఎవరి కూలీలో ఉంది, వ్యర్థం కిందికి దించేది ఎవరు. ఇవి రాయకపోతే మేస్త్రీ వడ్రంగి పని అంటాడు, వడ్రంగి మేస్త్రీ పని అంటాడు. డబ్బు గదుల వారీగా ఇవ్వాలి, ఆ గది తలుపు సాఫీగా మూసుకున్నాకే.

గీతలు ముందు, టైల్ తర్వాత

గదులు ఒక్కోటిగా చేస్తాం, కాని సందులు మాత్రం ఇల్లంతా ఒకే వరుసలో సాగాలి. చిన్న బెడ్‌రూంతో మొదలుపెట్టి ఆ గదికి బాగుంటుందని గీత గీస్తే, నడవలోకి వచ్చేసరికి వరుస తప్పుతుంది. అందుకే ఒక్క టైల్ కూడా వెయ్యకముందే లేజర్‌తో ఇల్లంతా గీతలు లాగాం. కొలత పుట్టేది నడవ నుంచి. ఇంట్లో ఇరుకైన చోటు అదే, తప్పు అక్కడే ముందు కనబడుతుంది.

నడవ వెడల్పు గోడ నుంచి గోడకు 1219 మిల్లీమీటర్లు. రెండు టైల్స్, మధ్యలో 2 మిల్లీమీటర్లు కలిపితే 1202. మిగిలిన 17ని రెండు పక్కలా పంచితే చెరో 8.5. స్కర్టింగ్ గోడ మీది నుంచి 12 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది కాబట్టి ఆ సందు దాని కింద దాక్కుంటుంది. ఒక్క టైల్ కూడా నిలువునా కొయ్యక్కర్లేదు. అదే గీతను హాల్లోకి సాగదీస్తే ఒక గోడ వైపు 350, ఎదురు గోడ వైపు 286 మిల్లీమీటర్ల ముక్కలు వచ్చాయి. టైల్‌లో మూడోవంతు కంటే సన్నటి ముక్క రాలేదు, కనుక గీత మార్చలేదు.

గోడల వెంట అన్ని చోట్లా కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. వేసవిలో ఉన్నట్టుండి టైల్స్ డేరాలా పైకి లేచిన ఇళ్లను చూస్తే చాలావాటిలో కారణం ఇదే: గోడకు ఆనించి వేసిన టైల్‌కి వేడికి సాగే చోటు ఉండదు, పట్టు తక్కువున్న చోట పైకి లేస్తుంది. హాలు, నడవ కలిపి 35 అడుగుల పొడవు. అందుకే హాలూ నడవా కలిసే వరుసలో గ్రౌట్ బదులు అదే రంగు సీలెంట్ (ఆరాక కూడా రబ్బరులా సాగేది) నింపాం.

రోజు ఎలా నడిచింది

బడి తెరిచాక, జూన్ చివర్లో పని పెట్టాం. పిల్లలు మధ్యాహ్నందాకా ఇంట్లో ఉండరు. మే ఎండ ఉండదు కాబట్టి అడెసివ్ తొందరగా ఆరిపోదు. చప్పుడు చేసే పని పది నుంచి నాలుగు లోపే.

ఒక్కో బెడ్‌రూం వరస ఇది. మొదటి రోజు తలుపు ఊడదీయడం, పాత స్కర్టింగ్ తియ్యడం, నేల గరుకు చెయ్యడం. రెండో రోజు టైల్. మూడో రోజు ఎవరూ అడుగుపెట్టరు. నాలుగో రోజు క్లిప్పులు తీసి స్కర్టింగ్. ఐదో రోజు గ్రౌట్, తలుపు. ఆరో రోజు మంచం లోపలికి. బీరువా మాత్రం వారం ఆగాలి. నిండు బీరువా బరువంతా నాలుగు చిన్న కాళ్ల మీద ఉంటుంది. వచ్చినప్పుడు కూడా ఈడ్చకూడదు. ఖాళీ చేసి, ప్లైవుడ్ ముక్క మీద నడిపించి, కాళ్ల కింద రబ్బరు పెట్టాలి.

తలుపు ముందే ఊడదీయడం మర్చిపోకూడదు. నేల 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పాత తలుపు కింద ఖాళీ 6. తలుపు మూసి ఉండగా లోపల టైల్ వేస్తే అది ఇక తెరుచుకోదు. ఆ నాలుగైదు రాత్రులు గుమ్మానికి తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. బాత్రూం తలుపులు లోపలికే తెరుచుకుంటాయి, లోపలి నేల మారలేదు, వాటిని ముట్టుకోలేదు. సింహద్వారం కూడా కొయ్యక్కర్లేదు. గడప ఉన్న ద్వారంలో తలుపు గడప గాడిలో కూర్చుంటుంది, దాని అడుగు నేల నుంచి ఎత్తులోనే ఉంటుంది. గడప ఎత్తు మాత్రం లోపలి వైపు 13 మిల్లీమీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. అది ముందే ఇంటివాళ్లకు చెప్పాలి.

పెద్దావిడ రాత్రిపూట బాత్రూంకి వెళ్లే దారి నడవ. దాన్ని ఒక్కరోజు కూడా మూయలేం. రెండు టైల్స్ వెడల్పు కాబట్టి పొడవునా ఒక వరుస ఒకరోజు, రెండోది మర్నాడు కాక ఆ తర్వాతి రోజు వేశాం. ఎప్పుడూ రెండడుగుల దారి ఉంటుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, మొదటి వరుస లోపలి అంచున బయటికి ఉబికిన అడెసివ్‌ను తడిగా ఉండగానే నిలువునా గీకెయ్యాలి. గట్టిపడితే రెండో వరుస టైల్ దాని మీద ఎక్కి కూర్చుంటుంది, నడవ మధ్యలో మెట్టు వస్తుంది. క్లిప్పుల అడుగు పలకలు కూడా ఆ అంచులో ముందే పెట్టి ఉంచాలి. రెండోది, పాత నేలకూ కొత్త వరుసకూ మధ్య 13 మిల్లీమీటర్ల గట్టు. వాకర్ కాలు తట్టుకోవడానికి అది చాలు. అంచు పొడవునా పసుపుపచ్చ టేపు, బాత్రూం ముందు ఏటవాలుగా చెక్కిన ప్లైవుడ్, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టాం. వాకర్ వెడల్పు 22 అంగుళాలు, దారి 24. ముందు రోజే ఆవిడతో ఒకసారి నడిపించి చూశాం.

వంటిల్లు చివర. ఫ్రిజ్ హాల్లోకి, ఇండక్షన్ స్టవ్ డైనింగ్ బల్ల మీదకి. సిలిండర్ రెగ్యులేటర్ తీసి గాలి ఆడే బాల్కనీలో నిలబెట్టారు. ఫ్రిజ్ పైన అటక ఉంటే దాని ఎత్తు ముందే కొలవాలి. ఇక్కడ పైన 20 మిల్లీమీటర్లు ఉండేది, నేల పెరిగాక 7 మిగిలింది. గాలి ఆడటానికి అది చాలదు. అటక కింది బీడింగ్ తీసేశారు, ఫ్రిజ్‌ని గోడ నుంచి కాస్త ముందుకు జరిపారు.

దుమ్ము

పాత స్కర్టింగ్ తియ్యడమే ఇంటికి పెద్ద కష్టం. దాని మీదే కొత్తది అతికిస్తే గోడ నుంచి అంగుళం ముందుకొస్తుంది, పైన దుమ్ము పట్టే అరుగు తయారవుతుంది, మంచం గోడకు ఆనదు. కాబట్టి తియ్యాల్సిందే. పై అంచు వెంట వాక్యూమ్ గొట్టం తగిలించిన గ్రైండర్‌తో ముందు గాడి కోసి, తర్వాత ఉలితో లేపాలి. గాడి లేకుండా ఉలి పెడితే పైనున్న ప్లాస్టర్ అరచేతి వెడల్పున ఊడొస్తుంది. గుమ్మానికి ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించాలి, ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపి యూనిట్‌కి కవర్ తొడగాలి. ఈ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని. గదిలో ఉన్నవాళ్లకు ఎన్95 మాస్కు ఉండాలి, జేబురుమాలు చాలదు.

టైల్ కోత మొత్తం బాల్కనీలో, నీళ్లతో. ఆ బురద నీళ్లు బాల్కనీ జాలీలో పొయ్యకూడదు. బకెట్‌లో రాత్రంతా ఉంచితే అడుగున పేరుకుంటుంది, పై నీళ్లు పారబోసి ముద్దను బస్తాలోకి ఎత్తాలి. పైపులో గడ్డకట్టిందంటే కింది ఫ్లాట్‌వాళ్లతో పేచీ.

వేసేటప్పుడు

మొజాయిక్ మీది మైనం, నూనె పోవడానికి డిగ్రీజర్‌తో కడిగి, ఆరాక గ్రైండర్‌కి బిగించే డైమండ్ కప్పు చక్రంతో పైపైన గీసి గరుకు చేశాం. అడెసివ్ 20 కిలోలకు నీళ్లు బస్తా మీద రాసినంతే, దాదాపు 5 లీటర్లు. డ్రిల్లు మిక్సర్‌తో కలిపి ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ కలపాలి. గట్టిపడుతోందని మధ్యలో నీళ్లు చిలకరిస్తే బలం పోతుంది. 10 మిల్లీమీటర్ల పళ్ల తాపీతో ఒకే దిశలో గీతలు లాగాలి, టైల్ వెనక కూడా పల్చగా పూయాలి. ఆ తర్వాత టైల్‌ని గీతలకు అడ్డంగా కొద్దిగా కదిపి కూర్చోబెడితే లోపలి గాలి పోతుంది. ప్రతి పది టైల్స్‌కీ ఒకటి వెంటనే లేపి వెనక చూడాలి. మూలలతో సహా మాలు అంటి ఉండాలి.

హాల్లో బాల్కనీ పక్క నాలుగు టైల్స్ మర్నాడు తడితే డొల్లగా మోగాయి. తీసి చూస్తే పాత నేల మీద మాలు గీతలు గీతలుగానే ఉన్నాయి, టైల్ వెనక శుభ్రంగా ఉంది. బాల్కనీ తలుపు తెరిచి ఉండటంతో ఎండ, గాలి తగిలి అడెసివ్ పైన పొర కట్టింది, దాని మీద టైల్ పెట్టారు. వేలితో తాకితే మాలు అంటాలి, అంటకపోతే గీకేసి కొత్తది పూయాలి. ఆ నాలుగూ తీసి, తలుపుకి పరదా వేసి, రెండేసి టైల్స్‌కి మాత్రమే మాలు పరుస్తూ మళ్లీ వేశారు.

అంచులు

స్కర్టింగ్ నేల టైల్ మీద ఆనకూడదు. కింద 2 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టి నిలపాలి, ఆ సందులో సీలెంట్. గ్రౌట్ పెడితే వారాల్లో వెంట్రుకలాంటి పగులు వస్తుంది, ఎందుకంటే గోడా నేలా ఒకేలా కదలవు. స్కర్టింగ్ సందులు నేల సందులతో కలవాలి, కాబట్టి పట్టీలు మూల నుంచి కాకుండా నేల గీత చూసి మొదలుపెట్టాలి. బయటి మూలల్లో 45 డిగ్రీల కోత. అంచు పదును రాయితో తియ్యాలి, పిల్లల చీలమండలు తగిలేది అక్కడే. పై అంచుకీ ప్లాస్టర్‌కీ మధ్య ఖాళీ కొన్నిచోట్ల 6 మిల్లీమీటర్లు వచ్చింది. దానికి గోడ పుట్టీ పెట్టి, సాండ్‌పేపర్ కొట్టి, స్కర్టింగ్‌కి టేపు వేసి రంగు ఆఖరి కోటు వేశారు. రంగు ముందే ముగిస్తే ఈ పని రెండుసార్లు.

టేకు ద్వారబంధాల చుట్టూ అట్టముక్కతో నమూనా తీసి టైల్ కోశాం, 3 మిల్లీమీటర్ల ఖాళీలో గోధుమరంగు సీలెంట్. చెక్కకి టైల్ ఆనించకూడదు, వానాకాలం చెక్క ఉబ్బుతుంది. దర్వాజా పక్కనుండే పల్చటి బీడింగ్‌ని మాత్రం కోసి, టైల్‌ని దాని కిందికి తోశాం. టైల్ ముక్క కింద 4 మిల్లీమీటర్ల అట్ట పెట్టి, దాని మీద రంపం పడుకోబెట్టి కోస్తే ఎత్తు సరిగ్గా వస్తుంది.

పెద్ద బెడ్‌రూం తలుపు కోసినా సగం తెరిచాక నేలకు రాసుకుంది. బందుల దగ్గర కంటే తలుపు తిరిగే చివర కొత్త నేల 4 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. గుమ్మం దగ్గర మాత్రమే కొలిస్తే ఇది తెలియదు. తలుపు తిరిగే విల్లు పొడవునా కొలిచి, అత్యంత ఎత్తున్న చోట 8 మిల్లీమీటర్లు మిగిలేలా కొయ్యాలి. కోసిన అడుగుకి రెండు కోట్ల ప్రైమర్ తప్పదు. ఇల్లు తుడిచిన తడి తగిలి ఫ్లష్ డోర్లు ఉబ్బేది ఆ పచ్చి అంచు నుంచే.

బాత్రూం గుమ్మాల దగ్గర పాత గ్రానైట్ పట్టీ ఉంది. దానికి ఆనుకున్న టైల్ అంచుకి స్టీల్ ప్రొఫైల్ (అంచు కప్పే పట్టీ) బిగించాం, వాకర్ కోసం పక్కనే ఏటవాలు పట్టీ. వంటింట్లోనూ సింహద్వారం ముందు రెండు వరుసల్లోనూ ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటు బదులు రెజిన్‌తో చేసేది, నీళ్లు పీల్చదు). శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసి కుంకుమ పెట్టే ఇల్లు ఇది. సిమెంటు గ్రౌట్ అయితే ఆ పసుపు నీళ్లు పీల్చుకుని మచ్చ ఉండిపోతుంది. ఎపాక్సీని కొద్దికొద్దిగా కలుపుకుని, పెట్టిన కాసేపటికే తడి స్పాంజితో తుడవాలి. మ్యాట్ టైల్ మీద దాని జిడ్డుపొర ఆరితే ఒక పట్టాన వదలదు.

అప్పగించాక

నెల తర్వాత మళ్లీ ప్రతి టైల్ తట్టి చూశాం, తీసి వేసిన నాలుగు సహా గట్టిగానే ఉన్నాయి. నడవలో ఒకచోట స్కర్టింగ్ కింది సీలెంట్ ఊడితే కత్తితో తీసి మళ్లీ నింపారు. పనమ్మాయికి చెప్పినవి రెండు: నేలకి యాసిడ్ వాడొద్దు, సిమెంటు గ్రౌట్‌ని అది తినేస్తుంది, బకెట్ నీళ్లు పోసి కడగొద్దు, పిండిన మాప్ చాలు. మిగిలిన రెండు పెట్టెలు వంటింటి అటక మీద నిలువుగా పెట్టి, బ్యాచ్ నంబరు, గ్రౌట్ రంగు సంఖ్య, నడవలో గీత ఎక్కణ్ణుంచి మొదలైందో చూపే కొలతల కాగితం పెట్టె లోపల అంటించాం.